చెన్నై వానల్లో మూడు రోజులు ఫోను ఆగకూడదంటే: పవర్ బ్యాంకా, ఇన్వర్టరా, ఇంకేదైనానా?

ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యాయంటే చాలు, చెన్నైలో ఉండే మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ప్రశ్న తిరగడం మొదలవుతుంది: "మంచి పవర్ బ్యాంక్ ఏదో చెప్పండి." ప్రశ్న మంచిదే. అయితే దానికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. మీ వీధిలో కరెంటు పోతే ఎన్నాళ్లకు తిరిగొస్తుంది? పవర్ బ్యాంక్‌తో సరిపోతుందా, ఇన్వర్టర్ అక్కరకొస్తుందా, డబ్బు దేనిమీద పెట్టాలి అన్నవన్నీ ఈ ఒక్కదాన్ని బట్టే ఉంటాయి.

ఇక్కడ కరెంటు రెండు రకాలుగా పోతుంది. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను చెన్నై దగ్గరే తీరం దాటింది. చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి, స్తంభాలు విరిగిపడ్డాయి. అది తెగిన తీగల సమస్య. 2015 డిసెంబరు మొదట్లో అడయారు నది పొంగినప్పుడు, మళ్లీ 2023 డిసెంబరు 3, 4 తేదీల్లో మిగ్‌జాం తుపాను వానలు కుమ్మరించినప్పుడు వచ్చింది నిలిచిన నీళ్ల సమస్య. నగరంలో చాలా వీధులకు కరెంటు భూమిలోపలి కేబుళ్ల మీద వస్తుంది. అక్కణ్నుంచి ఇళ్లకు పంచే పిల్లర్ బాక్సులు రోడ్డు పక్కన, నేలకు కాస్త ఎత్తులోనే ఉంటాయి. వాటి చుట్టూ నీళ్లు చేరితే ఈబీ (విద్యుత్ బోర్డు) వాళ్లు సరఫరా ఆపేస్తారు. ఆపి తీరాలి కూడా, లేకపోతే ఆ నీళ్లలో నడిచేవాళ్ల ప్రాణాలకే ముప్పు. వాన వెలిసి ఎండ కాసినా సరే, నీళ్లు దిగేదాకా కరెంటు రాదు. పైగా స్టిల్ట్ పార్కింగ్ ఉన్న అపార్ట్‌మెంట్లలో మీటర్ బోర్డు చాలావరకు కింద పార్కింగ్‌లోనే ఉంటుంది. వీధికి కరెంటు వచ్చినా, ఆ బోర్డు ఆరి ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా మీ ఇంట్లో లైటు వెలగదు.

వేళచ్చేరి, పళ్లికరణై, ముడిచ్చూర్ లాంటి పల్లపు ప్రాంతాల్లో ఉండేవాళ్లకు ఇది కొత్త విషయం కాదు. అందుకే నేను ఎవరికి చెప్పినా మూడు రోజుల లెక్కే చెబుతాను. ఒక రాత్రి గడవడానికి ఏదైనా సరిపోతుంది. మూడో రోజు మందుల కోసమో, పడవ కోసమో, ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు ఒక్క మాట చెప్పడం కోసమో ఫోను కావాలి. అప్పటికి మిగిలి ఉండేది ఏమిటన్నదే ఈ పోలికంతా.

పవర్ బ్యాంక్: పెట్టె మీది అంకె, చేతికందే అంకె

పెట్టె మీద పెద్ద అక్షరాల్లో 10000 ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే కొలత) అని ఉంటుంది. పవర్ బ్యాంక్‌ను వెనక్కి తిప్పండి. కళ్లజోడు ఉంటే తప్ప కనబడనంత సన్న అక్షరాల్లో 'రేటెడ్ కెపాసిటీ' అని ఇంకో అంకె ఉంటుంది: 5800, 6000, 6500, అలా. ఇది మోసం కాదు. లోపలి సెల్ సుమారు 3.7 వోల్టుల దగ్గర పనిచేస్తుంది, యూఎస్‌బీ నుంచి 5 వోల్టులు బయటికి రావాలి. వోల్టేజీ పెరిగితే ఎంఏహెచ్ తగ్గుతుంది, ఆ మార్పిడిలో కొంత వేడిగా పోతుంది. కాబట్టి వాట్ అవర్లలో (వాట్లను గంటలతో గుణిస్తే వచ్చే లెక్కలో) చూసుకుంటే గందరగోళం ఉండదు. 10000 ఎంఏహెచ్ బ్యాంకులో ఉండేది 37 వాట్ అవర్లు. ఇప్పుడు ఎక్కువమంది చేతుల్లో ఉన్న 5000 ఎంఏహెచ్ ఫోను నిండాలంటే దాదాపు 19 కావాలి. నష్టాలన్నీ పోను ఆ 37లో ఫోనుకు చేరేది 23, 24. అంటే ఫోను ఒకసారి పూర్తిగా నిండి, ఇంకో పావు వంతు ఎక్కుతుంది. అంతకుమించి ఆశ పెట్టుకోవద్దు.

మరి నలుగురున్న ఇంటికి మూడు రోజులకు ఎంత కావాలి? మామూలు రోజుల్లో ఫోను రోజుకొకసారి నింపుతాం. జాగ్రత్తగా వాడితే (ఎలాగో కింద చెబుతాను) సగంతో గడుస్తుంది. నాలుగు ఫోన్లు, మూడు రోజులు, రోజుకు సగం: మొత్తం ఆరు నింపుళ్లు. కరెంటు పోయే వేళకు నాలుగు ఫోన్లూ నిండుగా ఉంటే నాలుగు చేతిలో ఉన్నట్టే. మిగిలిన రెండు పవర్ బ్యాంకుల నుంచి రావాలి. 10000 ఎంఏహెచ్‌వి రెండుంటే రెండున్నర వస్తాయి. నలుగురి ఇంటికి మూడు రోజులు గడిచిపోయినట్టే. 50000 అని రాసి ఉన్న బరువైన డబ్బా అక్కర్లేదు.

ఒక 20000 కొనడం మంచిదా, రెండు 10000లా అని అడుగుతారు. నేను రెండు 10000ల వైపే. ధరలో పెద్ద తేడా ఉండదు, కానీ వరదలో తేడా చాలా ఉంటుంది. ఒకరు పాలకో మందులకో నీళ్లలో బయటికి వెళ్తే ఒకటి వాళ్ల జేబులో, ఒకటి ఇంట్లో ఉంటుంది. ఒకటి తడిసినా, పాడైనా రెండోది మిగులుతుంది. ఇక అసలు కారణం ఇంకోటి ఉంది, దుకాణంలో ఎవరూ దాని గురించి మాట్లాడరు: పవర్ బ్యాంక్ తాను నిండటానికి పట్టే సమయం.

వరదలో కరెంటు అసలే రాకుండా ఉండదు. ఎదురు అపార్ట్‌మెంట్లో సాయంత్రం రెండు గంటలు జనరేటర్ వేస్తారు, లేకపోతే పక్క వీధిలో ఎవరింట్లోనో కాసేపు వస్తుంది. ఆ రెండు గంటల్లో ఎంత నింపుకోగలం అన్నదే ప్రశ్న. కార్పొరేషన్ నీళ్లు రెండు గంటలే వదిలితే ట్యాంకు ఎంత పెద్దదైనా మోటారు చిన్నదైతే సగం కూడా నిండదు కదా, ఇదీ అంతే. 10 వాట్లతో మాత్రమే నిండే 20000 బ్యాంక్ రెండు గంటల్లో 20 వాట్ అవర్లు తీసుకుంటుంది. పూర్తిగా నిండాలంటే రాత్రంతా పడుతుంది. 18 వాట్ల ఇన్‌పుట్ ఉన్న 10000లు రెండిటిని రెండు ప్లగ్గుల్లో పెడితే అదే రెండు గంటల్లో దానికి మూడింతల దాకా వస్తాయి, రెండూ సగానికి పైగా నిండినట్టే. కొనేటప్పుడు అందరూ అవుట్‌పుట్ ఎన్ని వాట్లని అడుగుతారు. మీరు ఇన్‌పుట్ అడగండి. 18 లేదా 20 వాట్లు ఉండి, టైప్ సీ నుంచి లోపలికీ బయటికీ పనిచేసేది తీసుకోండి. దానికి తగ్గ ఛార్జర్ కూడా ఇంట్లో ఉండాలి. పాత 5 వాట్ల అడాప్టర్‌కు పెడితే ఈ లెక్కంతా వృథా.

వెనక అతికించే వైర్‌లెస్ పవర్ బ్యాంకులు చూడముచ్చటగా ఉంటాయి. విపత్తు కోసం మాత్రం వద్దు, విద్యుత్తులో చాలా భాగం వేడిగానే పోతుంది. వైరే మేలు. పొట్టి వైరైతే ఇంకా మేలు.

ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌లో కొనేవాళ్లకు ఒక మాట. అక్కడ మంచి సరుకు దొరుకుతుంది, నకిలీ కూడా దొరుకుతుంది. చేత్తో పట్టుకుని బరువు చూడండి. పవర్ బ్యాంకుల్లో వాడే గుండ్రటి 18650 సెల్ ఒక్కోటి సుమారు 45 గ్రాములు ఉంటుంది, మహా అయితే 3500 ఎంఏహెచ్ ఇస్తుంది. అంటే 20000కు కనీసం ఆరు సెల్స్ కావాలి, వాటి బరువే 270 గ్రాములు. పై డొప్ప, సర్క్యూట్ కలిపితే ఇంకా పెరగాలి. 20000 అని రాసి ఉండి రెండు వందల గ్రాములు తూగితే లోపల ఏముందో అర్థమైపోతుంది. రెండో పరీక్ష బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు. పవర్ బ్యాంకులకు మన దేశంలో బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నంబరు దాని మీద ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే కంపెనీ పేరు వస్తుంది. పెట్టె మీది పేరుతో అది కలవకపోతే అక్కడే పెట్టేసి వచ్చేయండి.

ఇన్వర్టర్: ఉన్నవాళ్లకు ఇంతకన్నా గొప్పది లేదు, వాడటం తెలిస్తే

ఇంట్లో 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఉందనుకోండి. 12 వోల్టులతో గుణిస్తే 1800 వాట్ అవర్లు. బ్యాటరీ వయసు, మార్పిడి నష్టాలు తీసేసినా వెయ్యికి తక్కువ కాకుండా చేతికొస్తాయి. ఇరవైకి పైగా పవర్ బ్యాంకులతో సమానం. మరి ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలోనూ రెండో రోజుకే ఫోన్లు ఎందుకు ఆగిపోతాయి?

ఫ్యాన్ల వల్ల. మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు తింటుంది. రెండు ఫ్యాన్లు, రెండు లైట్లు కలిస్తే 190 దాకా. వెయ్యి వాట్ అవర్లు అయిదారు గంటల్లో ఖాళీ. కరెంటు రాత్రి పోయిందంటే తెల్లవారేసరికి ఇన్వర్టర్ కూతపెట్టి ఆగిపోతుంది. వరదలో రెండో రోజు పొద్దున మీ ఇంట్లో ఏమీ ఉండదు, ఫోను ఛార్జింగ్‌కి పెట్టాలన్న ఆలోచన కూడా అప్పుడే వస్తుంది.

అదే ఇన్వర్టర్‌ను ఇంకోలా వాడొచ్చు. నాలుగు ఫోన్లు పూర్తిగా నింపడానికి నష్టాలతో కలిపి రోజుకు వంద వాట్ అవర్లు చాలు. ఫ్యాన్లు ఆపేసి, లైటు ఒక్కటే ఉంచి, సాయంత్రం రెండు గంటలు ఫోన్లు, పవర్ బ్యాంకులు అన్నీ ఒకేసారి పెట్టి, తర్వాత ఇన్వర్టర్‌ను దాని స్విచ్ దగ్గరే ఆపేయాలి. ఊరికే ఆన్‌లో ఉంటే ఏ పనీ లేకుండానే అది గంటకు కొన్ని వాట్ అవర్లు తింటూనే ఉంటుంది, రోజంతా కలిపితే అదే రెండు మూడు వందలు అవుతుంది. ఇలా వాడితే వారం దాటినా ఫోన్లకు లోటుండదు. ఇంట్లో పసిపిల్లో పెద్దవాళ్లో ఉండి ఫ్యాన్ తప్పదంటే, ఆ గదిలో బీఎల్‌డీసీ ఫ్యాన్ పెట్టించుకోండి. 30 వాట్ల లోపే తింటుంది. కొత్త బ్యాటరీ కొనే ఖర్చు కన్నా ఇది తక్కువ.

ఇక ఇన్వర్టర్ ఎక్కడుందన్నది. గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లలో దాన్ని మెట్ల కింద, నేలమీద పెడతారు. యాభై అరవై కిలోల బ్యాటరీని నీళ్లు వచ్చాక ఎవరూ ఎత్తలేరు. అక్టోబరుకు ముందే కడప బండ వేయించి, పోయినసారి మీ వీధిలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఆ గుర్తుకు పైన పెట్టించండి. గాలి ఆడేలా చూడండి, ట్యూబులర్ బ్యాటరీ ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వదులుతుంది.

ప్రాణం మీదికి తెచ్చే సంగతి ఇంకోటి ఉంది. వీధిలో కరెంటు పోయిందని ప్లగ్గుల్లోనూ కరెంటు లేదనుకుంటారు. ఇన్వర్టర్ ఆన్‌లో ఉంటే మీ ఇంటి సాకెట్లలో 230 వోల్టులు ఉన్నట్టే. ఇంట్లోకి నీళ్లు వస్తున్నాయంటే మెయిన్ ఆపడంతోపాటు ఇన్వర్టర్‌నూ ఆపేయాలి. నీళ్లలో నిలబడి మాత్రం స్విచ్ ముట్టుకోకూడదు, గడప దగ్గరికి నీళ్లు వచ్చినప్పుడే ఆ పని అయిపోవాలి.

ఫోన్ల కోసమే కొత్తగా ఇన్వర్టర్ కొనాలా? వద్దు. ఏడాది పొడవునా కరెంటు కోతలకు ఎలాగూ కావాలనుకుంటే కొనండి. అద్దె ఇంట్లో, గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంటే ఆ డబ్బుతో వేరే పని చూసుకోవడం మంచిది.

అపార్ట్‌మెంట్ జనరేటర్, కారు, ల్యాప్‌టాప్

ఓఎంఆర్ (ఓల్డ్ మహాబలిపురం రోడ్డు) వెంబడి పెద్ద గేటెడ్ కమ్యూనిటీల్లో ఉండే మనవాళ్లు "మాకు ఫుల్ బ్యాకప్ ఉంది" అని ధైర్యంగా ఉంటారు. ఆ ధైర్యం నిజమో కాదో అసోసియేషన్ వాళ్లను మూడు సంగతులు అడిగితే తెలుస్తుంది. జనరేటర్, దాని ప్యానెల్ బేస్‌మెంట్‌లో ఉన్నాయా, పైన ఉన్నాయా? డీజిల్ ఎన్ని గంటలకు సరిపడా నిలవ ఉంది? రోడ్డు మునిగితే డీజిల్ ఎలా తెస్తారు? బ్యాకప్ అంటే లిఫ్టుకూ నీళ్ల మోటారుకూ మాత్రమే ఉన్న చోట్ల లాబీలో రెండు మూడు ఎక్స్‌టెన్షన్ బోర్డులు పెట్టించమని ముందే అడగండి. వాచ్‌మన్‌కూ, ఇళ్లలో పనికి వచ్చే అమ్మలకూ ఆ బోర్డు మీద హక్కు ఉండేలా చూడండి. వాళ్ల ఇళ్లు చాలాసార్లు మనకన్నా పల్లంలోనే ఉంటాయి.

కారు మంచి వనరే, నీళ్లకు అందకుండా ఉంటే. చిన్న కారు బ్యాటరీలో నాలుగైదు వందల వాట్ అవర్లు ఉంటాయి, కానీ అందులో మూడో వంతు దాటి తీస్తే బండి స్టార్ట్ అవుతుందో లేదో అనుమానం. ఇంజన్ ఆపి ఒకసారి నాలుగు ఫోన్లు నింపుకోవచ్చు, అంతవరకే. అంతకు మించి కావాలంటే ఇంజన్ వేయాలి, అదీ ఆరుబయటే. బేస్‌మెంట్‌లోనో మూసిన షెడ్డులోనో ఇంజన్ వేసి కూర్చుంటే కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా లేకుండా చంపేస్తుంది. నీళ్లు తాకిన కారును అసలు స్టార్ట్ చేయకూడదు. ఇంకో చిక్కు కూడా ఉంది. 2024 అక్టోబరులో భారీ వాన హెచ్చరిక రాగానే వేళచ్చేరి జనం కార్లు తెచ్చి ఫ్లైఓవర్ మీద వరసగా నిలిపారు. కారును కాపాడుకోవడానికి సరైన పనే, కానీ అప్పుడు ఫోను ఛార్జింగ్‌కు కారు మీ దగ్గర ఉండదు. పల్లంలో ఉండేవాళ్లు కారును లెక్కలోకి తీసుకోకపోవడమే నయం.

ల్యాప్‌టాప్‌ను చాలామంది మర్చిపోతారు. ఆఫీసు ల్యాప్‌టాప్ బ్యాటరీ 50 వాట్ అవర్ల చుట్టుపక్కల ఉంటుంది, ఫోను రెండుసార్లు నింపగలదు. అయితే స్క్రీన్ వేసి పెడితే ఫోను కన్నా అదే ఎక్కువ తాగేస్తుంది. మూత వేసినా కరెంటు ఇచ్చే యూఎస్‌బీ పోర్టు కొన్నిటికి ఉంటుంది, మీదానికి ఉందో లేదో ఈ రోజే చూసుకోండి. పీజీల్లో ముగ్గురు నలుగురు ఒకే గదిలో ఉండే పిల్లలకు ఇది అసలైన ఆస్తి. గదిలో మూడు ల్యాప్‌టాప్‌లున్నాయంటే ఆరు నింపుళ్లు ఉన్నట్టు. వాళ్లు మనిషికొక 10000 బ్యాంక్ పెట్టుకుంటే ఇంకేమీ కొనక్కర్లేదు.

డబ్బు పెట్టక్కర్లేనివి

మడతపెట్టే సోలార్ ప్యానెల్ చూడగానే ఆశ పుడుతుంది. తుపాను మబ్బుల కింద 20 వాట్ల ప్యానెల్ ఒకటి రెండు వాట్లు ఇస్తే గొప్ప. బాల్కనీలో అయితే అదీ రాదు. వాన వెలిశాక ఎండ కాసే రోజుల్లో, మేడ మీదికి దారి ఉన్నవాళ్లకు కొంత ఉపయోగం ఉంది, అంతే. మేడ మీద పెద్ద సోలార్ ఉన్నవాళ్లు ఒకటి తెలుసుకోవాలి: మీది ఆన్‌గ్రిడ్ (బ్యాటరీ లేకుండా వీధి లైనుకు కలిపినది) అయితే వీధిలో కరెంటు పోగానే అదీ ఆగిపోతుంది. లైను మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకుండా అలా తయారుచేస్తారు. బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ పద్ధతి అయితేనే విపత్తులో పనికొస్తుంది.

చేత్తో తిప్పే ఛార్జర్ ఇచ్చేది రెండు మూడు వాట్లు. ఒక ఫోను నింపాలంటే ఏడెనిమిది గంటలు తిప్పాలి. వద్దు.

పోర్టబుల్ పవర్ స్టేషన్లు పదుల వేల రూపాయలు. ఇంట్లో నెబులైజర్ లాంటివి తప్పనిసరిగా నడవాల్సిన వాళ్లు ఆలోచించవచ్చు. కొంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ ఉన్నది చూడండి, ఎక్కువ ఏళ్లు వస్తుంది, వేడికీ తట్టుకుంటుంది. రౌటర్‌కు పెట్టే మినీ యూపీఎస్ రోజువారీ కోతలకు బాగుంటుంది. వరదలో వీధిలోని ఫైబర్ పెట్టెకు కరెంటు పోతే ఇంట్లో రౌటర్ వెలిగినా నెట్ రాదు.

కీప్యాడ్ ఫోను: నా మొదటి సలహా

నిజానికి దీనితోనే మొదలుపెట్టాలి. వెయ్యి ఎంఏహెచ్ బ్యాటరీతో ఉండే మామూలు బటన్ ఫోను మూడు రోజులు ఛార్జింగ్ లేకుండానే ఉంటుంది. ఒక 10000 బ్యాంక్ దాన్ని ఆరుసార్లు నింపుతుంది. పవర్ బ్యాంక్ ధరకే ఇది వస్తుంది. ఇంట్లో ఇదొక్కటి ఎప్పుడూ ఆన్‌లో ఉంటే స్మార్ట్‌ఫోన్లన్నీ ఆపేసి, అవసరమైనప్పుడు మాత్రం తీయొచ్చు.

సిమ్ సంగతి చూసుకోవాలి. ఎయిర్‌టెల్, వీ, బీఎస్‌ఎన్‌ఎల్ సిమ్‌లు పాత 2జీ ఫోన్లలోనూ పనిచేస్తాయి. జియోకు 2జీ లేదు, దానికి 4జీ కీప్యాడ్ ఫోనే కావాలి. ఇంట్లో అందరిదీ ఒకటే కంపెనీ అయితే ఈ ఫోనులో వేరే కంపెనీ సిమ్ వేయండి. టవర్ల బ్యాటరీలు కూడా కొన్ని గంటలే ఆగుతాయి, ఏది ముందు పడిపోతుందో చెప్పలేం. పాత ఫోన్లకు మైక్రో యూఎస్‌బీ వైరు కావాలి, ఇప్పుడు ఇళ్లలో అది దొరకడం కష్టం, ఒకటి దానికే చుట్టి పెట్టండి.

సగం వాడితే రెట్టింపు కొన్నట్టే

నిలకడగా సిగ్నల్ ఉన్న చోట ఫోను తక్కువే తింటుంది. టవర్లు పడిపోయాక సిగ్నల్ కోసం వెతుకుతూ, ఉన్న కొద్దిపాటి సిగ్నల్‌ను అందుకోవడానికి ఎక్కువ శక్తితో ప్రసారం చేస్తూ జేబులో ఉండగానే ఖాళీ అవుతుంది. వరదలో ఫోన్లు అనుకున్న దానికన్నా ముందే ఆగిపోవడానికి పెద్ద కారణం ఇదే. సిగ్నల్ లేదని తెలిశాక ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, గంటకోసారి తీసి చూడండి. 5జీ ఆపి 4జీలో పెట్టండి. మొబైల్ డేటా ఆపేసి, ఎస్ఎమ్ఎస్ వాడండి. కాల్ కలవని బలహీనమైన సిగ్నల్‌లోనూ ఎస్ఎమ్ఎస్ వెళ్తుంది.

ఇంట్లో ఒకరి ఫోను ఆన్‌లో, మిగతావి ఆఫ్‌లో ఉంచి వంతులు వేసుకోండి. హెచ్చరికలు వచ్చినా, ఎవరైనా చేసినా ఒక ఫోను చాలు.

మనవాళ్లలో బ్యాటరీ ఎక్కువగా పోయేది చుట్టాల ఫోన్లకే. నెల్లూరు నుంచి మేనత్త, విజయవాడ నుంచి బాబాయి, హైదరాబాద్ నుంచి అక్క, అందరూ ప్రేమతోనే వీడియో కాల్ చేస్తారు. మిగ్‌జాం అప్పుడు చెన్నై మునిగిన మర్నాడు, డిసెంబరు 5న, అదే తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అటు వాళ్లకూ కష్టమే, ఇటు మనకూ కష్టమే, ఫోన్లు మాత్రం ఆగలేదు. వానలకు ముందే ఒకరిని అనుకోండి. "మేం క్షేమం, నీళ్లు మెట్ల దాకా వచ్చాయి, మళ్లీ రాత్రి ఎనిమిదికి మెసేజ్ పెడతాం" అని వాళ్లకొక్కరికే పంపితే, మిగతా అందరికీ వాళ్లే చెబుతారు. పెద్దవాళ్లకు ముందే చెప్పిపెడితే నొచ్చుకోరు.

మీ కంపెనీ సిగ్నల్ పూర్తిగా పోయి పక్క కంపెనీది కనబడుతుంటే, సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌ను ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కు మార్చి వేరే కంపెనీ పేరు నొక్కి చూడండి. పెద్ద తుపాన్ల సమయంలో టెలికాం శాఖ ఇంట్రా సర్కిల్ రోమింగ్ అనుమతిస్తుంది. అప్పుడు ఎవరి సిమ్ అయినా ఎవరి టవర్‌తోనైనా కలుస్తుంది. ఒకసారి ప్రయత్నించి, కుదరకపోతే మళ్లీ ఆటోమేటిక్‌లో పెట్టేయండి.

నంబర్లు కాగితం మీద రాసి తలుపు వెనక అతికించండి: అత్యవసరానికి 112, చెన్నై కార్పొరేషన్ 1913, కరెంటు ఫిర్యాదులకు మిన్నగం 94987 94987, ఇంకా ఇంట్లోవాళ్లందరివీ. ఫోను ఆగిపోతే మనకు కంఠతా వచ్చిన నంబర్లు ఎన్నో ఒకసారి ఆలోచించండి.

ఎవరికి ఏది

పీజీలో ఒంటరిగా ఉంటే ఒక 10000 బ్యాంక్, మీ ల్యాప్‌టాప్. అద్దెకు గ్రౌండ్ ఫ్లోర్‌లో సంసారం ఉంటే రెండు 10000లు, ఒక కీప్యాడ్ ఫోను, అన్నీ పట్టే జిప్ కవరు. ఇల్లు వదలాల్సి వస్తే చేత్తో పట్టుకుని వెళ్లేవి ఇవే. పై అంతస్తులో సొంత ఫ్లాట్, ఇన్వర్టర్ ఉంటే కొత్తగా కొనాల్సింది కీప్యాడ్ ఫోను ఒక్కటే, మారాల్సింది ఫ్యాన్ల అలవాటు. పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటే వాళ్లకు బటన్ ఫోను ఇప్పటినుంచే వాడుక చేయించండి, కరెంటు పోయిన రాత్రి నేర్పడం కుదరదు.

ఏది కొన్నా బీరువాలో పెట్టి మర్చిపోవద్దు. దీపావళికి ఇల్లు దులిపేటప్పుడు పవర్ బ్యాంకులు తీసి పూర్తిగా నింపి, ఒకసారి ఫోనుకు పెట్టి చూడండి. ఉబ్బినట్టు కనిపిస్తే ఇక ఛార్జింగ్‌కు పెట్టకండి, చెత్తబుట్టలోనూ వేయకండి, ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇచ్చేయండి. తడిసిన ఫోనుకు వైరు గుచ్చకూడదు. పోర్టును కిందికి వంచి, గాలికి పూర్తిగా ఆరనిచ్చాకే పెట్టాలి.

వాతావరణ శాఖ ఆరెంజ్ హెచ్చరిక ఇచ్చిందంటే ఆ పూటే అన్నీ ప్లగ్గులో ఉండాలి. తర్వాత కరెంటు కాసేపు వచ్చిపోతుంటే వరస ఇది: ముందు ఆన్‌లో ఉంచిన ఫోను, తర్వాత పవర్ బ్యాంకులు, కీప్యాడ్ ఫోను, ల్యాప్‌టాప్. ఆపేసి ఉంచిన ఫోన్లు చివర. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో బ్యాటరీ తనంతట తానే నిండుతుంది కాబట్టి, ఆ కాసేపూ ఏసీ, గీజర్ వేయకండి. తడిసిన లైను మీద వీధంతా ఒక్కసారిగా బరువు వేస్తే వచ్చిన కరెంటు మళ్లీ పోతుంది.